కలుపుమందు మానేసిన రైతుకి కమ్మరి కొలిమితో ఏం పని?

ఈ వారం వీడియోలో ఆవు లేదు, జీవామృతం డ్రమ్ము లేదు. మొదటి నుంచి చివరి దాకా కొలిమే. "అన్నా, ప్రకృతి వ్యవసాయం వీడియోల మధ్యలో కత్తులు చేసేది పెట్టినావేంది" అని ఇద్దరు ముగ్గురు అప్పుడే అడిగేశారు. వీడియోలో మాటలు తక్కువ, సుత్తి చప్పుడు ఎక్కువ. బ్లోయర్ మోతలో నేను చెప్పింది సగం వినపడలేదు కూడా. అందుకే ఇక్కడ రాస్తా ఉన్నా.

రసాయన వ్యవసాయంలో కలుపుకి ఒక డబ్బా ఉంటుంది. మూత తీసి ట్యాంకులో పోసి కొడితే పని అయిపోయింది. మనం ఆ డబ్బా మానేశాం. మరి అది చేసే పని ఎవరు చేయాలి? మన చెయ్యి, ఆ చేతిలో ఉన్న ఇనుము. ఏర్పేడు దగ్గర మా నాలుగు ఎకరాల్లో ఒక వారం లెక్క చెప్తా చూడండి. నవధాన్యాలు చల్లిన మడిలో పైరు కోసి అక్కడే పరిచేది కొడవలితో. గట్టు మీద గ్లైరిసీడియా కొమ్మలు నరికి మామిడి పాదుల్లో వేసేది మచ్చుకత్తితో. దశపర్ణి కషాయం ఒక డ్రమ్ము పెట్టాలంటే 20 కిలోల దాకా ఆకు సన్నగా తరగాలి. నేను కషాయాలు తయారుచేసి అమ్మే చిన్న యూనిట్ కూడా నడుపుతా ఉన్నాను కాబట్టి ఆ పని దాదాపు రోజూ ఉంటుంది. ఇవి కాక వేరుశనగలో కలుపు. ట్రాక్టర్ పనులు, డ్రిప్ పనులు పక్కన పెడితే మిగతావన్నీ అంచు ఉన్న పనిముట్టుతోనే.

మనం మాట్లాడుకునేదంతా విత్తనం, ఆవు, ఆచ్ఛాదన, కషాయం. కొడవలి గురించి ఎవరైనా మాట్లాడగా విన్నారా? నేను వ్యవసాయ డిప్లొమా చదివినప్పుడు పనిముట్ల పాఠంలో నాగళ్ళు, గొర్రులు, స్ప్రేయర్లు వివరంగా చెప్పారు. కత్తి అంచు ఎలా ఉండాలనేది మాత్రం నేను కొలిమి దగ్గర కూర్చునే నేర్చుకున్నా.

అంచుకీ పంటకీ నేరుగా సంబంధం ఉంది. నవధాన్యాల పైరు నేల మట్టానికి కోసి వేరు నేలలోనే వదిలేయాలి, ఆ వేర్లే సూక్ష్మజీవులకి మేత. మొద్దు కొడవలితో కోసి చూడండి, సగం మొక్కలు వేరుతో సహా ఊడి చేతిలోకి వస్తాయి. మామిడి కొమ్మ కూడా అంతే. పదునైన కత్తితో కోస్తే గాయం నున్నగా ఉండి తొందరగా మూసుకుంటుంది. మొద్దుదానితో నాలుగు దెబ్బలు కొడితే బెరడు చీలి కిందకి వేలాడుతుంది, ఆ చీలికలో నీళ్ళు నిలిచి బూజు తెగుళ్ళు దిగుతాయి. తర్వాత దానికి మళ్ళీ పేస్టు పూయాలి. అంత దూరం పోయేదానికన్నా ముందే కత్తి చూసుకోవడం మేలు కదా.

ఒకే సైజు కొడవలి, వంద రకాల చేతులు

అంగడిలో దొరికే కొడవళ్ళు మిషన్ మీద ఒకే అచ్చులో కోసినవి. అన్నీ చెడ్డవని అనను, కొన్ని బాగానే ఉంటాయి. కానీ చాలావాటిలో వాడేది మెత్తని ఇనుము. దాంట్లో కర్బనం శాతంలో నాలుగో వంతు కూడా ఉండదు. అంత తక్కువ కర్బనం ఉన్న ఇనుముని ఎంత కాల్చి నీళ్ళలో ముంచినా గట్టిపడదు. కొన్నరోజు బాగా తెగుతుంది, మూడో రోజుకి అంచు మడత పడుతుంది. సాన పట్టినా మళ్ళీ అదే కథ.

అంతకన్నా పెద్ద సమస్య సైజు. మన పొలాల్లో కోత, కలుపు, ఆకు తరగడం చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. పిడి చేసేది మాత్రం మగవాడి పిడికిలికి సరిపడా లావుగా. రోజంతా లావు పిడి గట్టిగా పట్టుకోవాల్సి వస్తే మణికట్టు నొప్పి రాక ఏమవుతుంది?

మా దగ్గర పనికొచ్చే ఒక అక్కది ఎడమచేతి వాటం. వరి కోసేటప్పుడు ఆమె ఎప్పుడూ వెనకపడేది. పక్క సాళ్ళవాళ్ళు నవ్వేవాళ్ళు, ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేసేది. కక్కు కొడవలికి పళ్ళు ఒక వైపు ముఖం మీదే ఉంటాయి, తెలుసు కదా. అది కుడిచేతికి. అదే కొడవలి ఎడమ చేత్తో పట్టుకుంటే పళ్ళు తప్పు వైపుకి వస్తాయి, కొడవలి దంటుని కొరకకుండా పైకి జారిపోతుంది. కొలిమి పెద్దాయనకి ఈ మాట చెప్తే, "ఆయమ్మను ఒకసారి తోడుకోని రా నాయనా, చెయ్యి చూడాల" అన్నాడు. చెయ్యి చూశాడు, పిడికిలి పట్టించి చూశాడు, గాల్లో కోసినట్టు చెయ్యి ఆడించమన్నాడు. వారం తర్వాత పళ్ళు రెండో వైపు కొట్టి, పిడి సన్నం చేసి ఇచ్చాడు. ఆ కొడవలితో సాలు చివర దాకా పోయి వెనక్కి తిరిగి, "ఇన్నేండ్లు నా చెయ్యే సరిగా లేదనుకుంటి నాయనా" అనింది ఆమె.

ఆ మాట విన్నాకే ఈ వీడియో తీయాలనుకున్నా.

కొలిమి దగ్గర ఏం జరుగుతుంది

పెద్దాయన పేరు పెట్టొద్దన్నారు, ముఖం కూడా చూపించొద్దన్నారు. అందుకే వీడియోలో చేతులే కనపడతాయి. మా మండలంలోనే ఉంటారు. వేపచెట్టు కింద రేకుల కొట్టం, మూడు వైపులా తడికలు. "ఇంత చీకటిగా ఉందేంది తాతా, లైటు పెట్టించనా" అని మా కెమెరా పిల్లోడు అడిగితే ఆయన నవ్వారు. చీకటి కావాల్సిందే. కాలిన ఇనుము రంగు చూసి వేడి ఎంతో చెప్పాలంటే ఎండలో కుదరదు. ఎండలో ఎర్రటిది నల్లగా కనపడుతుంది, ఇంకాస్త కాలుద్దాం అనుకునేలోపు ఇనుము పాడైపోతుంది.

ఆయన వాడేది లారీ కమాన్ పట్టీ. పాత ఇనుము అంగట్లో కిలోల లెక్కన కొంటారు. కమాన్ పట్టీలో కర్బనం సుమారు అర శాతం నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది, ఇంకా సిలికానో క్రోమియమో కలిపి ఉంటుంది. లక్షల సార్లు వంగి మళ్ళీ నిలబడటానికే తయారుచేసిన ఉక్కు అది. మచ్చుకత్తికి అంతకన్నా ఏం కావాలి? ఒకటే జాగ్రత్త, పాత పట్టీలో కంటికి కనపడని పగుళ్ళు ఉండొచ్చు. పెద్దాయన పట్టీని తాడుకి వేలాడదీసి సుత్తితో తడతారు. గంట మోగినట్టు మోగితే సరే. పగిలిన కుండలాగా వినిపిస్తే పక్కన పడేస్తారు.

ఆకులు తరిగే చిన్న కత్తికి పాత ఆకురాయి వాడతారు. ఆకురాయిలో కర్బనం ఒక శాతం పైనే, చాలా సన్నటి అంచు నిలబడుతుంది. ముందు దాన్ని ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చి రాత్రంతా ఆరనిస్తారు. అలా చేయకపోతే గాజులాగా పెళుసు.

తర్వాత కాల్చడం, దాకలి మీద పెట్టి కొట్టడం. సమ్మెట కొట్టేవాడు ఇప్పుడు లేడు. పెద్దాయన కొడుకు శ్రీసిటీలో కంపెనీ ఉద్యోగం చేస్తా ఉన్నాడు, ఆదివారం ఇంట్లో ఉంటే వచ్చి నాలుగు దెబ్బలు వేస్తాడు. మిగతా రోజుల్లో పెద్దాయన ఒక్కరే చిన్న సుత్తితో కానిస్తారు. రెండుసార్లు కాల్చాల్సిన చోట నాలుగుసార్లు కాల్చాల్సి వస్తుంది, బొగ్గు ఎక్కువ తింటుంది. బొగ్గు సర్కారు తుమ్మది.

వీడియోలో సుత్తి ఆగి, పెద్దాయన కత్తిని కంటికి ఎదురుగా పెట్టి ఒక కన్ను మూసి చూసే చోటు గమనించండి. వెన్ను దగ్గర మందం, అంచు వైపు పోయేకొద్దీ సన్నం, కొన దగ్గర మళ్ళీ కాస్త బరువు. స్కేలు లేదు, కొలత లేదు. మచ్చుకత్తి కొనలో బరువుంటే దెబ్బ దానంతట అదే పడుతుంది, మనం బలం పెట్టే పని లేదు. అదే బరువు పిడి దగ్గరుంటే ప్రతి దెబ్బకీ భుజం పనిచేయాలి. కత్తి అందం అంటే పిడికి రంగు, అలుగు మీద నగిషీ అనుకుంటాం. నాకు మాత్రం ఆ వంపే అందం. చెయ్యి ఎక్కడ తిరుగుతుందో అక్కడే కత్తి కూడా తిరుగుతుంది.

అసలు పని చివర్లో ఉంది. కత్తిని బొప్పాయి పండు రంగు వచ్చేదాకా కాలుస్తారు. డిప్లొమా భాషలో చెప్తే 800 డిగ్రీల పైన. ఆ వేడిలో ఇనుముకి అయస్కాంతం అంటుకోదు, ఇంట్లో ప్రయత్నించేవాళ్ళకి అదొక గుర్తు. పిడి వైపు వదిలేసి అంచు మాత్రం ఒక అంగుళం లోతు నీళ్ళలో ముంచి తీస్తారు. సన్నటి కత్తులైతే నీళ్ళు పనికిరావు, పగుళ్ళిస్తాయి. వాటికి నూనె. బజ్జీల బండి దగ్గర వాడేసిన నూనె తెచ్చుకుంటారు. కత్తి ముంచగానే కొట్టమంతా మిరపకాయ బజ్జీ వాసన, మాకు ఆకలేసింది.

ముంచిన అంచు గట్టిపడుతుంది గానీ పెళుసుగా ఉంటుంది. అందుకే వెంటనే అంచుని ఇటుక ముక్కతో రుద్ది తెల్లగా చేస్తారు. వెన్నులో మిగిలిన వేడి నెమ్మదిగా అంచు వైపు నడిచి వస్తుంది. ఆ తెల్లటి చోట రంగులు పరిగెత్తుతాయి, ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత తేనె రంగు, తర్వాత వంకాయ రంగు, చివరికి నీలం. గడ్డి రంగు అంటే సుమారు 220, 230 డిగ్రీలు, నీలం అంటే 300 దగ్గర. ఆకులు తరిగే కత్తికి తేనె రంగు రాగానే ఆపాలి. మచ్చుకత్తికి వంకాయ రంగు దాకా రానివ్వాలి, లేకపోతే ఎండు కొమ్మ మీద పడిన మొదటి దెబ్బకే అంచు పెళ్ళ లేస్తుంది. రంగు వచ్చిన క్షణంలో మళ్ళీ నీళ్ళలో పెడతారు. మొత్తం అర నిమిషం కూడా పట్టదు. కెమెరాలో ఆ రంగులు సరిగా రాలేదు, మూడుసార్లు తీశాం. కంటితో చూడాల్సిందే.

దీన్నే పదును పెట్టడం అంటారు. మన రైతులకి పదును అంటే వాన పదును, విత్తడానికి నేలలో సరిపడా తడి. ఎక్కువైతే బురద, తక్కువైతే గడ్డ. కొలిమిలో కూడా అదే మాట, అదే లెక్క.

కక్కు కొడవలికి పళ్ళు ఈ పదును పెట్టకముందే ఉలితో కొట్టాలి. సైజుని బట్టి వందకి పైగా పళ్ళు, ఒక్కో పన్నుకి ఒక్కో దెబ్బ. అరిగిపోతే పారేయకుండా మళ్ళీ కాల్చి, మెత్తబరిచి, కొత్తగా కక్కు కొట్టించుకోవచ్చు. వరికోతల ముందు మా చిన్నప్పుడు దీనికోసమే కొలిమి దగ్గర వరుసగా నిలబడేవాళ్ళు.

ఉక్కు మనదే

యూట్యూబ్‌లో అమెరికా, జపాన్ వాళ్ళు కత్తులు చేసే వీడియోలు చూసి "అబ్బా, ఏం కళ" అనుకుంటాం. మంచివే, నేనూ చూస్తా. కానీ ఈ విద్యలో తెలుగువాళ్ళ చరిత్ర చాలామందికి తెలియదు. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడి కమ్మరులు మట్టి మూసల్లో ఇనుము కరిగించి ఉక్కు ముద్దలు తీసేవాళ్ళు. అందులో కర్బనం దాదాపు ఒకటిన్నర శాతం. దాన్ని కొనడానికి ఇరాన్ నుంచి వర్తకులు వచ్చి ఆ ఊళ్ళోనే మకాం వేసేవాళ్ళు. డమాస్కస్ కత్తులని లోకమంతా పొగిడినవాటికి ముడిసరుకు ఇలాంటి దక్షిణ భారత ఉక్కే. కోనసముద్రంలో తను చూసిన పద్ధతి గురించి వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు రాసింది 1832లో అచ్చయింది.

మన "ఉక్కు" అనే మాటే ఇంగ్లీషువాళ్ళ నోట్లో "వూట్జ్" అయిందంటారు, కన్నడవాళ్ళు కూడా ఉక్కు అనే అంటారు కాబట్టి ఇద్దరిదీ అనుకుందాం. 1790ల్లో ఆ ముద్దలు లండన్ చేరాక అక్కడి శాస్త్రవేత్తలు వాటి మీద పడ్డారు. కరెంటు మోటారుకి దారి చూపిన మైకేల్ ఫారడే కూడా 1819లో ఈ ఉక్కు మీద పరిశోధన రాశాడు, ఆ తర్వాత స్టోడార్ట్ అనే కత్తులు చేసే ఆయనతో కలిసి ప్రయోగాలు చేశాడు. ఫారడే తండ్రి కమ్మరి. ఇది చెప్తే పెద్దాయన సుత్తి ఆపి, "అట్లయితే మావోడే" అన్నారు.

ఒక మాట. ఆన్‌లైన్‌లో అలల గీతలతో "డమాస్కస్" అని అమ్మేవి చాలావరకు రెండు మూడు రకాల ఉక్కు పొరలు అతికించి, యాసిడ్‌లో ముంచి గీతలు తేల్చినవి. పాత మూస ఉక్కు వేరే. గీతలు చూసి పొలం పనికి వేలు పెట్టి కొనొద్దు.

చేయించుకోవాలంటే

అందరూ అడిగేది ఇదే కాబట్టి నాకు తెలిసింది చెప్తా. కమ్మరి దగ్గరికి పోయి "ఒక మంచి కత్తి కావాల" అంటే ఆయన ఏదో ఒకటి చేసిస్తారు. ఏం నరకాలి, పచ్చిదా ఎండుదా, ఎంత లావు, కూర్చుని చేసే పనా నిలబడి చేసే పనా, వాడేది ఎవరు, కుడా ఎడమా, ఇవన్నీ చెప్పండి. కుదిరితే వాడే మనిషినే తీసుకుపోండి. నచ్చిన పాత కత్తి అరిగిపోయినా సరే దాన్ని చూపించండి, అరిగిన తీరులోనే మీ చెయ్యి ఎలా పడుతుందో ఆయనకి అర్థమవుతుంది.

పిడికి తుమ్మ, చింత, వేప బాగుంటాయి. పిడి మొదట్లో పొన్ను తప్పకుండా వేయించండి, లేకుంటే కర్ర చీలుతుంది. ఒక తమ్ముడు ఎర్రచందనం పిడి వేయించి ఇస్తావా అని మెసేజ్ పెట్టాడు. మనం ఉండేది శేషాచలం పక్కన, తమ్ముడూ. ఆ మాట ఫోన్లో కూడా అనొద్దు.

చట్టం గురించి కూడా భయపడొద్దు, అలాగని నిర్లక్ష్యం కూడా వద్దు. 1959 ఆయుధాల చట్టం కింద ఉన్న నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తులని ఆయుధాల్లో లెక్కేశారు. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటిని అందులోంచి తీసేశారు. మచ్చుకత్తి వ్యవసాయ పనిముట్టే. అయినా బస్సులో తీసుకుపోయేటప్పుడు గోనెపట్టా చుట్టి తాడు కట్టండి. పండక్కి నడుములో పెట్టుకుని ఫోటో దిగడానికి కత్తి కావాలనేవాళ్ళకి పెద్దాయన చేయరు.

ఈ ఉక్కు స్టెయిన్‌లెస్ కాదు, తడి తగిలితే తుప్పు పడుతుంది. పని అయ్యాక గుడ్డతో తుడిచి ఆముదమో వేరుశనగ నూనెనో ఒక చుక్క రాయండి, అంతే. అరటి దవ్వ, పచ్చి మామిడి కోస్తే నల్లబడుతుంది, దానికి కంగారు పడొద్దు. మన శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు నల్లరంగు ఎలా చేస్తారు? తుప్పు పట్టిన ఇనుము ముక్కలు బెల్లం నీళ్ళలో నానబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ నీళ్ళతో గీస్తారు. కరక్కాయలో ఉండే వగరే ఇనుముతో కలిసి నల్లబడుతుంది. అరటి జిగురులోనూ ఆ వగరే. మీ కత్తి మీద ఉన్నది ఒక రకంగా కలంకారీ నలుపు, అది పల్చటి పొరలాగా నిలిచి తుప్పుని కొంత ఆపుతుంది కూడా. కూరగాయలకి పోయేది కాబట్టి తోమి పెట్టుకోండి, గీకి తెల్లగా చేయాల్సిన పని లేదు.

సాన పట్టేటప్పుడు గ్రైండర్ మిషన్ వద్దు. నిప్పురవ్వలు లేచి అంచు నీలం రంగు తిరిగిందంటే కొలిమిలో పెట్టిన పదును మొత్తం పోయినట్టే. తడి సానరాయి మీద పది నిమిషాలు చాలు.

ధర దగ్గర

మేం చేయించిన మచ్చుకత్తి 650 రూపాయలు. సంతలో 250కి దొరుకుతుంది కదా అని వెంటనే అంటారు. అది నిజమే. ఆ 650లో పాత ఇనుము, బొగ్గు, పిడి పోను ఆయన చేతికి మిగిలేది ఒక రోజు కూలి కన్నా తక్కువ, ఎందుకంటే రోజుకి రెండు కత్తులు కావడమే గగనం, సాన పట్టే రోజు వేరే. గుర్తుంచుకోండి, ఇదే కత్తి మా మామిడితోటలో ఇప్పుడు మూడో ఏడు నడుస్తా ఉంది.

పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. 18 వృత్తుల్లో కమ్మరి పని కూడా ఉంది. పనిముట్లకి 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల దాకా అప్పు. ఆయనకి చెప్పాను. "సుత్తి ఉంది నాయనా, దాకలి ఉంది. అప్పు తెస్తే ఎవురికి కొట్టాల?" అన్నారు. ఆయన అడిగింది పని.

అందుకే ఈ ఏడాది మేం పదకొండు మంది రైతులం కలిసి ముందే ఆర్డరు ఇచ్చి, సగం డబ్బు ముందే కట్టేశాం. 14 కొడవళ్ళు, 9 మచ్చుకత్తులు, ఆకులు తరిగే కత్తులు 6. కొడవళ్ళలో మూడు ఎడమచేతివి. ఒక్క ఎడమచేతి అక్క గురించి నోరు తెరిస్తే ఇంకో ఇద్దరు బయటపడ్డారు. కలిపి ఆర్డరు ఇవ్వడం వల్ల ఆయన బొగ్గు, ఇనుము ఒకేసారి కొనుక్కున్నారు, కొడుకు రెండు ఆదివారాలు వచ్చి సమ్మెట పట్టుకున్నాడు. వాడి దెబ్బ బాగుంది. సోమవారం మళ్ళీ కంపెనీ బస్సెక్కాడు, దాని గురించి నేనేం మాట్లాడను, జీతం నెలనెలా వచ్చే ఇల్లు ఎవరికి వద్దు?

మీ మండలంలో కూడా ఎక్కడో ఒక కొలిమి ఇంకా మిగిలి ఉంటుంది. నా దగ్గరికే రావాల్సిన పని లేదు, ముందు అక్కడ అడగండి. దగ్గర్లో ఎవరూ లేరంటే కామెంట్లో మీ ఊరు, ఏ పనికి కావాలో, కుడా ఎడమా రాయండి. పెద్దాయన సోమవారం, గురువారం మాత్రమే కొలిమి ముట్టిస్తారు, కాబట్టి తొందర పెట్టొద్దు. తర్వాతి ఆర్డరు వరికోతల ముందు ఇస్తాం. పాత కొడవళ్ళకి కక్కు కొట్టించుకునేవాళ్ళు పిడి ఊడదీసి తీసుకురండి, పిడితో పాటు కొలిమిలో పెడితే అది కాలిపోతుంది.